ముడుల తాడు

పంచాయతి బాయిల నీళ్లు ఎంత లోతుకున్నయో
మా ఊర్లె నాకొక్కనికే ఎరుక.
నేను కారోబారు ఓదెలును.
ఇంటిపన్ను రశీదులు రాసుడు, వాల్వులు తిప్పుడు,
కుక్క సస్తే ఊరవతల బొందవెట్టుడు,
నెలకొక్కసారి బాయిల తాడు ఇడుసుడు.
ఆఖరుదానికి జీతం లేదు,
చెయ్యుమని ఎవ్వలు చెప్పలేదు గూడ.

తాడుకు గజానికొక ముడి.
కొసకు ఇరిగిన తాళంకప్ప, బరువుకు.
లెక్క రిజిస్టర్ల ఎక్కదు.
ఆఫీసుల బీరువ ఎనుక గోడకు
బొగ్గుతోని గీస్త.

నేను కొలువుల చేరిన్నాడు
అయిదో ముడి తడిసింది.
వాగులకు లారీలు దిగిన ఏడు, తొమ్మిది.
నిరుడు ఎండకాలం పద్నాలుగు.
ఈయేడు శివరాత్రికే
పద్దెనిమిది ముడులు ఒడిసిపోయి
తాళంకప్ప బండకు తాకి ఠంగుమన్నది.

గప్పుడే హన్మకొండల శిక్షణ అన్నరు.
సర్పంచి సారక్క, సెక్రటరీ నుస్రత్ మేడం, నేను,
పరకాల దాక ఆటో, ఆడికెల్లి బస్సు.
ఏసీ హాలు. సంచి, పెన్ను, పులిహోర పొట్లం.
తెరమీద రంగురంగుల చక్రం తిరిగింది.
సుస్థిర అభివృద్ధి, సుస్థిర అభివృద్ధి అని
సారు పదిమాట్ల అన్నడు.
"సుస్థిరమంటే ఏందిర ఓదెలూ?"
సారక్క నా చెవుల అడిగింది.
"సుస్తి కాకుంట ఉండుడేమో" అన్న.
నుస్రత్ మేడం చున్నీ అడ్డం వెట్టుకొని నవ్వింది.

మర్నాడు ఇసుక కాంట్రాక్టరు వచ్చిండు.
గల్లీలకు సీసీ రోడ్డు, బొడ్రాయి పండుగకు అయిదు లక్షలు.
"ఒక్క తీర్మానం కాయితం చాలక్కా.
పర్మిషన్ పైనుంచి ఎట్లనన్న వస్తది,
కిందినుంచి గూడ ఉంటే సక్కగుంటది."

గ్రామసభకు మూడుమాట్ల మైకుల చాటిన.
మూడుమాట్ల కుర్చీలే వచ్చినయి.
నాలుగోసారి సారక్క
ట్యాంకరొచ్చే యాళ్లకు పెట్టింది సభ.
బిందెల లైనే కోరం.
నుస్రత్ మేడం ట్యాంకరు బంపరు మీద బుక్కు పెట్టి
పేర్లు రాసుకుంట పోయింది.
నేను లైను పొంటి తాడు పరిచిన.

ఎవ్వలు ఉపన్యాసం చెప్పలే.
లస్మవ్వ అయిదో ముడి కాడ బిందె దించి
"గీడ నా లగ్గమైంది" అన్నది.
ఇంకొకాయన తొమ్మిది కాడ కూసున్నడు,
గా ఏడే కాలిందట ఆయన మోటరు.
బడిపోరడు ఒకడు ఆఖరు ముడి మీద నిలవడి
"నాది గిదేనా?" అన్నడు.

వార్డుమెంబరు కొంరెల్లి మాత్రం లేసిండు:
"నా కొడుకు ఇసుక ట్రాక్టరు తోల్తడు.
కిస్తీ నువ్వు గడ్తవా సారక్కా?"
దానికి ఎవ్వల తాన జవాబు లేదు.
ఇప్పటికి గూడ లేదు.

తీర్మానం నంబరు ఏడు:
ఇసుకకు ఒప్పుకోం.
వాగుకు మోకాలెత్తు రాళ్లకట్ట,
ఇంటికొక ఇంకుడుగుంత, పంచాయతి పైసలతోని.
సారక్క సంతకం పెట్టింది,
ఎప్పటిలెక్కనే ఒత్తు గీత దాటి కిందికి జారింది.

లారీలు ఆగినయా అంటే
పగటీలి ఆగినయి.
కలెక్టరాఫీసు నుంచి అందినట్టు ముద్ర వచ్చింది.
గుంతలు సగం తవ్వినం,
తవ్వినయాట్ల సగం చెత్తతోని నిండినయి.
కొంరెల్లి నాతోని మాట్లాడుతలేడు.
నాకు మూడు నెల్ల జీతం రావాలె.

మృగశిర దాటినంక రెండు వానలు పడ్డయి.
ఇయ్యాల పొద్దుగాల తాడు ఇడిసిన.
ఠంగుమనలే.
గుంజి సూస్తే పద్దెనిమిదో ముడి పొడిగనే ఉన్నది,
దాని కింద తాళంకప్ప తడిసింది.
కప్పకు నీళ్లు దొరికినయి.

ఆఫీసుకు ఉరికిన.
బీరువ జరిపితే బొగ్గు కనవడలే.
తడి వేలుతోనే గోడకు గీసిన.

ఆరకముందే
సారక్కను పిలవాలె.