బరువుకు

మంగళ, గురు, శని.
తెల్లవారుజామున నాలుగున్నరకి
దర్గా మలుపులో పెంచలనర్సయ్య రెండుసార్లు హారన్ కొడతాడు.
మూడోసారి కొట్టడు.
మిగతా ఊరు నిద్రపోవాల గదా.

ఉదయగిరి కొండ ఇంకా కనపడని పొద్దు.
ఐదుగురు ఎక్కుతారు,
నరాలు కలిపి కుట్టిన ఎడమ చేతుల్ని
ఒళ్ళో జాగ్రత్తగా పెట్టుకొని.
ఆ చేతికి చెవి ఆనించి చూడు,
లోపల తుమ్మెద తిరిగినట్టు జుమ్ముమంటాది.
ఆ మోత ఉన్నన్నాళ్ళే ఆత్మకూరులో
మిషను రక్తం కడగతాదంట.
మిషను ఉచితం. సూదులు ఉచితం.
దారికే డబ్బులు.

నేను చెక్క గరిటెలు చేస్తాను. నా పేరు జైతూన్.
నర్ది కర్ర పొట్టు ఎప్పుడూ నా కొంగులోనే ఉంటాది.
పద్దు నా దగ్గరుండటానికి పెద్ద కారణం లేదు,
మా ఇంట్లో పెన్ను ఎప్పుడూ రాస్తాది. అంతే.

పుస్తకంలో పేర్లు రాయం.
ఇచ్చినోళ్ళవీ రాయం, ఎక్కినోళ్ళవీ రాయం.
కిలోమీటర్లు రాస్తాం.
టీ అంగడిలో బిస్కెట్ సీసాకి అతికించిన స్కానరు,
దాని పక్కన అరిచే డబ్బా:
ఇరవై రూపాయలంటే రెండు కిలోమీటర్లు.
రంజాను నెల జకాతు మూడు వారాలు లాగింది.
చర్చి నుంచి పేరు లేని కవరొకటి,
పోయి రావడానికి సరిపోయి
ఇంకా పదకొండు కిలోమీటర్లు మిగిలింది.
ఎవరో పిల్లోడు ఒక్క రూపాయి కొట్టాడు.
నూరు మీటర్లు.
అదీ రాశాను.

తుఫాను వారం డబ్బా నోరు తెరవలా.
నర్సయ్య బంకులో అప్పు పెట్టి తోలాడు.
ఆ పేజీలో అతని పేరు రాయబోతే
పెన్ను లాక్కున్నాడు.

నెల్లూరు నుంచి ఫౌండేషను పిల్లగాడు వచ్చాడు.
మంచోడే. చెప్పులు బయట విడిచాడు,
ఒక గరిటె చేతిలోకి తీసుకొని
దీనికి ఎన్ని గంటలు పడతాదక్కా అని అడిగాడు.
తర్వాత ట్యాబు తెరిచాడు. అందులో రెండు గడులు.
దాతలెందరు? లబ్ధిదారులెందరు?
మాలకొండయ్య పేరు చెప్పాను, ఆటో ఎక్కుతాడని.
మళ్ళీ మాలకొండయ్య పేరే చెప్పాను,
పింఛను రోజు యాభై ఇస్తాడని.
ట్యాబు ఒప్పుకోలా.
ఒక ఆధారు రెండు గడుల్లో పట్టదంట.
ఏదో ఒకటి చెప్పక్కా, అన్నాడు చెమట తుడుచుకుంటా.

గుమ్మం దగ్గర కూర్చోనుండిన మాలకొండయ్య
ఇచ్చే గడిలోనే రాయించు జైతూనూ,
ఎక్కేది ఇంకెన్నాళ్ళు, అన్నాడు.
అందరం నవ్వినాం.
పిల్లగాడు ఒక్కడే నవ్వలా.

వినాయక చవితి పోయిన శనివారం
నర్సయ్య మూడోసారి హారన్ కొట్టాడు.

ఆ తర్వాత ఆటోలో నలుగురే.
బరువు తగ్గితే బండి గుంతల్లో ఎగురుతాది.
ఎగిరితే దెబ్బ ఆ చేతులకే.
తుమ్మెద ఆగిపోయిందంటే
ఇంకో చోట కోసి పెట్టాల.
ఇసక మూట వేసి చూశాడు నర్సయ్య,
మలుపు మలుపుకీ జారి కాళ్ళ మీద పడతాది.
మెల్లగా తోలితే మిషను టైము దాటిపోతాది.

పెద్దకర్మ అయిన నాలుగో నాడు, మంగళవారం,
మాలకొండయ్య పెళ్ళాం పిచ్చమ్మ
మలుపులో నిలబడుండాది,
తలకి గుడ్డ చుట్టుకొని, సద్ది గిన్నె పట్టుకొని.
ఇంతలోనే గడప దాటిందని
ఎవరో ఏదో అన్నారు. ఆమె వినలా.
నేనే అడిగాను, నీకేం జబ్బు పిచ్చమ్మా,
నువ్వు యాడికి?

బరువుకు, అనింది.

ఆయన సీట్లోనే, ఎడమ పక్కన,
చేతులు రెండూ కమ్మీకి ఆనించి కూర్చునింది.
ఆటో ఎగరకుండా పోయింది, నేను చూశాను,
కోర్టు దాటి వెనక లైటు కనపడినంత దూరం.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను.
కిలోమీటర్ల పక్కన ఇంకో గీత గీసి
పైన కిలోలు అని రాశాను.
యాభై రెండు.
అందాజుగా.