ఏ ఏడాది మనిషి?

టైరు ధరల పలక తుడిచేశాను.
ఈ రాత్రికి దాని మీద రాయాల్సినవి
ఆటగాళ్ళ పేర్లు. ఎక్కువమంది చచ్చిపోయినవాళ్ళే.

డులూత్‌లో ఫిబ్రవరి.
గడ్డకట్టిన సరస్సు ఉండుండి మూలుగుతోంది,
షాపు వెనకగది దాకా వినపడుతోంది.
పొయ్యి చుట్టూ ఐదుగురం,
సిగార్ల డబ్బా నిండా చీట్లు, రెండు పాచికలు,
ఐలీ తెచ్చిన యాలకుల రొట్టె.

నియమం ఒకటే.
పేరు చెబితే చాలదు, ఏడాది చెప్పాలి.
ఏ ఏడాది మనిషిని అడిగితే
ఆ ఏడాది మోకాళ్ళే వస్తాయి, ఆ ఏడాది చూపే వస్తుంది.
తాగుడు, విడాకులు, భుజం మీద కత్తిగాటు
తర్వాతి ఏళ్ళవి. అవి ఈ బేరంలో లేవు.

మొదటి వంతు ఆర్విడ్‌ది.
"ఇరవై ఏడు," అన్నాడు. అంతే.
అరవై సార్లు బంతిని గోడ దాటించిన ఆ బొజ్జాయనకి
ఇంకా పేరెందుకు?
రెయినో గయ్‌మన్నాడు:
"చచ్చినవాడి కళ్ళు చారెడని, మీకందరికీ వాడే దేవుడు!
నల్లవాళ్ళని గేటు బయట నిలబెట్టి
లోపల కొట్టిన కొట్టుడు అది."
తన వంతు రాగానే వాడు కోరింది
ఆ గేటు బయటి క్యాచర్‌ని, సగం లెక్కలే దొరికినవాణ్ణి.
"మిగతా సగం?" అన్నాను, సుద్దముక్క పట్టుకుని.
"నేనిస్తా రాసుకో," అన్నాడు.

మార్లిస్ బడిపంతులమ్మ. ఆవిడకి పిచ్చర్లే కావాలి.
"అరవై ఎనిమిది," అని స్కేలుతో బల్ల మీద కొట్టింది.
ఆ ఏడు బంతి ఎవరికీ అందలేదనే కదా
మరుసటేడు దిబ్బ ఎత్తు కోసేశారు!

ఇలా పాములా మెలికలు తిరుగుతూ
వరస ఐలీ దగ్గరికొచ్చి ఆగింది.

"హార్లన్ క్వేడ్," అంది. "డెబ్బై మూడు."

పొయ్యి చప్పుడు తప్ప ఏమీ లేదు.
"యాభై ఎనిమిది అనబోయావేమో," ఆర్విడ్ మెల్లగా అందించాడు,
పరీక్షలో పక్కవాడికి జవాబు చూపించినట్టు.
యాభై ఎనిమిదిలో క్వేడ్ చిరుత.
డెబ్బై మూడులో నలభై ఒకటి దాటిన షార్ట్‌స్టాప్,
సగటు రెండొందల ఎనిమిది,
కట్టు కట్టని కీలు లేదు.

"యాభై ఎనిమిదికి నేను పుట్టలేదు," అంది ఐలీ.
"డెబ్బై మూడులో బ్లూమింగ్టన్‌లో చూశాను, తొమ్మిదేళ్ళు నాకు.
చేతికి అందే బంతి కొట్టాడు. అవుటని తెలుసు,
మాకు తెలుసు, ఆయనకీ తెలుసు.
అయినా పరిగెత్తాడు. పరుగంటే
మెట్లు దిగుతున్నట్టు.
బంతి వచ్చేసింది. ఫస్ట్ బేస్‌మన్ విసిరేసి వెళ్ళిపోతున్నాడు.
ఆయన ఇంకా వస్తూనే ఉన్నాడు.
వచ్చి, బేస్ తొక్కి, అప్పుడు వెనక్కి తిరిగాడు."

రాయి, అన్నట్టు పలక కేసి గడ్డం ఎత్తింది.
రాశాను.

ఏప్రిల్ దాకా పాచికలు దొర్లాయి. ఐలీ జట్టు అట్టడుగున.
క్వేడ్ వంతు వచ్చిన ప్రతిసారీ
ఎందుకో అందరం ముందుకి వంగేవాళ్ళం.
ఒక్కసారైనా ఆశ్చర్యపరిచాడా అంటే, లేదు.

ఆ మొదటి రాత్రి, మంచులో బండి నడుపుతూ లెక్కేసుకున్నాను.
నన్నెవరైనా అడిగితే ఏ ఏడాది చెబుతారు?
ఒంటి చేత్తో లారీ టైరు ఎత్తిన ఎనభై ఎనిమిదా?
మా ఆవిడైతే ఏదంటుందో అడుగుదామనుకున్నా.
నిద్రపోయింది.
మేలుకుని ఉన్నా అడిగేవాణ్ణి కానేమో.

పొద్దున్నే మొదటి బేరం, చేపలవాడు,
టోపీ మీది మంచు దులుపుకుంటూ పలక చదివాడు.
"క్వేడ్, డెబ్బై మూడు డాలర్లా? చవగ్గా ఉందే.
కొత్త కంపెనీయా?"

"పాతదే," అన్నాను. "బాగా అరిగింది."