తడిలో ఆరేది

సింధియాలో మా ఇంటి ఇనుప గేటుకి
ఏడాదికోసారి రంగేస్తాను.
ఏడాదికోసారి అది తుప్పు కక్కుతుంది.
ముప్పై నాలుగేళ్లు షిప్‌యార్డులో నేను చేసిందీ అదే:
చిప్పింగ్ సుత్తితో కొట్టడం, ఎర్రసీసం పూయడం,
సముద్రం నాకేసిన చోట మళ్లీ కొట్టడం.
తడి నా పగవాడు. జీతమిచ్చిన పగవాడు.

ఎనభై ఏడు చలికాలంలో శిక్షణకని జపాను పంపారు.
ఆదివారాలు తోటివాళ్లు టేప్‌రికార్డర్ల కొట్లు తిరిగితే
నేను చిన్న రైలెక్కి
పేరు చదవలేని స్టేషన్లో దిగిపోయేవాణ్ణి.

ఒక ఊళ్లో కత్తులు చేస్తారు.
ఇనగాకి అనే ముసలాయన నన్ను కొలిమి ముందు కూర్చోబెట్టాడు.
ఇనుము పైకి తీసి కనుబొమ్మ ఎగరేశాడు: ఇప్పుడా?
తల అడ్డంగా ఊపాను. ఇంకా దానిమ్మ గింజ దాటలేదు.
మోదుగుపువ్వు కాగానే చెయ్యెత్తాను.
ఆయన సుత్తి అప్పటికే దిగుతోంది.
మధ్యాహ్నం దాకా మాకు వేరే మాట అవసరం పడలేదు.

ఇంకో ఊళ్లో కాగితం.
మంచులాంటి నీళ్లలో మోచేతుల దాకా ముంచి
జల్లెడలు ఊపుతున్న ఆడవాళ్లు.
ఆ నీళ్లలో ఏదో వేరు జిగురు, బెండకాయ కోసినట్టు సాగుతోంది.
"మా ఇంట్లో దీన్ని పులుసు పెడతాం" అన్నాను, తెలుగులోనే.
అందరూ నవ్వారు. ఏం అర్థమైందో తెలీదు.

చివరి ఆదివారం, పట్టాలు ఆగిపోయే ఊరు, వాజిమా.
ఒకుమురా త్సుయె. నాకన్నా పదేళ్లు పెద్దది.
ఆవిడ పూసే లక్క మన ఏటికొప్పాక లక్క కాదు,
చెట్టుకి గాటు పెడితే కారే పాలు.
కుంచె వెంట్రుకలు ఆడవాళ్లవట; నూకరత్నం సవరం గుర్తొచ్చింది.
ముట్టుకోవద్దంది. ముట్టుకున్నాను.
మర్నాటికి చెయ్యి పొంగిపోయింది. అచ్చం జీడిసొన.
పలాసలో జీడిపిక్కలు కొట్టిన మా అత్తగారి వేళ్లు,
ఎప్పుడూ ఊడుతూ, ఎప్పుడూ కొత్తగా.

పూసిన గిన్నెలు ఎండలో పెడుతుందనుకున్నాను.
చెక్క అలమర తీసి, లోపలి గోడలకి తడిగుడ్డ రాసి,
వాటినక్కడ పెట్టి మూసేసింది.
రైల్లో పరిచయమైన కాలేజీ కుర్రాడు ముక్కల ఇంగ్లీషులో చెప్పాడు:
ఇది తడిలోనే ఆరుతుంది,
పొడిగాలిలో ఎన్నాళ్లున్నా పచ్చిగానే ఉంటుంది.
మళ్లీ అడిగాను. మళ్లీ అదే.
పద్నాలుగేళ్ల పగ నాది. నవ్వలేకపోయాను.

వస్తుంటే ఒక గిన్నె చేతిలో పెట్టింది.
అద్దాల బీరువాలో పెట్టకు, రోజూ తిను, అంది.
ఆ మాట నిలబెట్టింది నూకరత్నం:
చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ, ముప్పై ఏళ్ల పైమాటే.
మా ఇంట్లో తుప్పు పట్టనిది అదొక్కటే,
నా మోకాళ్లతో సహా.

హుద్‌హుద్ నాడు వంటింటి రేకు ఎగిరి పక్కవీధిలో పడింది.
గిన్నె కాలవలో దొరికింది, అంచు మీద చిన్న పెచ్చు లేచి.
నెల తిరిగేసరికి ఒక పోస్టుకార్డు,
చిన్నపిల్లల దస్తూరీలాంటి ఇంగ్లీషు:
గాలి? ఇల్లు?
జవాబు రాద్దామనుకున్నాను.
అనుకుంటూనే ఉన్నాను.

ఈ జనవరి ఒకటిన టీవీలో ఆ ఊరు.
ఒరిగిపోయిన ఇళ్లు, పొగ.
నూకరత్నం గరిట పట్టుకునే నిలబడిపోయింది.
"ఆవిడేదేటి?" అంది, తెర నిండా జనంలో వెతుకుతూ.
నాకు వీధే ఆనవాలు దొరకలేదు.

ఇవాళ మల్కాపురం పోస్టాఫీసు.
ఆవిడ కార్డు మీది చిరునామా చూసి గీశాను,
ప్లేటు మీద సుద్దతో కొలతలు గీసినట్టు,
ఒక్కో గీత, అర్థం తెలియకుండా.
కింద రెండే మాటలు:
భూమి? ఇల్లు?

కౌంటర్లో అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఇది వెనక్కొచ్చేస్తుందేమో మాస్టారూ."
రానీ, అన్నాను.

బయట సముద్రపు గాలి.
వేళ్లకంటిన ఇంకు
ఇంకా ఆరలేదు.