నలభై పేజీల సంజాయిషీ

ముప్పై ఒక్క కవితలు ఒప్పుకున్నారు.
ఇప్పుడు నలభై పేజీలు కావాలంటున్నారు,
ఎందుకు రాశానో, ఎట్టా రాశానో,
ఏ సిద్ధాంతం నీడన నిలబడి రాశానో.
దొరస్వామి సారు ఎర్ర ఇంకుతో అంచున పెట్టారు:
"ఇక్కడ కవి కాదు, పరిశోధకురాలు మాట్లాడాలి."
ఇద్దరం ఒకే గదిలో ఉంటున్నాం సార్,
ఫ్యాను ఒకటే, దోమతెర ఒకటే.

కాకుటూరు హాస్టల్లో పదకొండు రాత్రులు
మొదటి వాక్యం దగ్గరే కూచున్నా.
"ఈ కవితల్లో అభ్రకం ఒక ప్రతీకగా..."
కొట్టేశా.
మా మేనత్త చేతులకి ఏనాడూ ప్రతీక అంటుకోలేదు.
పొడి అంటుకుంది. అన్నం ముద్దలో మెరిసేది.

లైబ్రరీ నించి మోసుకొచ్చిన పుస్తకాల్లో
ఒక వాక్యం నా మీదే రాసినట్టుంటుంది,
తర్వాతి వాక్యంలో నేనుండను.
పక్క గది షంషాద్ కొత్తపట్నం వలల మీద నవలిక రాసింది,
దాని వ్యాసం ఆరు రోజుల్లో అయిపోయింది.
"సారుకేం కావాలో రాసి పారెయ్" అంది, తల దువ్వుకుంటా.

శనివారం సైదాపురం బస్సెక్కా.
పెంచలమ్మత్త గడపలో కూచుని
చింతపండులో గింజలు తీస్తా ఉంది.
ఇరవై ఆరేళ్లు షెడ్డులో రేకులు చీల్చిన మనిషి.
దిమ్మని బుక్కు అనేవాళ్లంట,
పేజీలు పేజీలుగా ఊడొస్తుందని.
సంతకం రాని మనిషి రోజుకెన్ని బుక్కులు విప్పిందో
గుమాస్తా పలక మీద గీతలు పెట్టి
సాయంత్రానికి తుడిచేసేవాడు.

ఏడో కవిత చదివి వినిపించా.
"పొరకీ పొరకీ మధ్య కత్తి పాడుతుంది"
అనే చోట ఆపింది.
"కత్తి పాడదు మే.
చప్పుడొచ్చిందంటే రేకు చెడినట్టే.
ఆ రోజు కూల్లో కోత."
మళ్లీ గింజల్లోకి చెయ్యి పెట్టింది.
"బొటనేలికి తెలస్తాది, యాడ వదులుగా ఉందో.
తొందరపడితే రెండు పొరలూ పోతాయి."

మూడేళ్లుగా ఆ పాదం నాకు ఇష్టం.
ఒంగోలు సభలో దానికే చప్పట్లు కొట్టారు.

గూడూరు బస్టాండులో, టీ చల్లారేలోపు,
టికెట్ వెనక రాసుకున్నా:
"ఏడో కవితలో మూడో పాదం తప్పు.
తెలిసీ తీయలేదు.
ఆ షెడ్డులో నేను లేననడానికి
అదొక్కటే సాక్ష్యం."

సోమవారం సారు కళ్లజోడు పైకి నెట్టి చదివారు.
చాలాసేపు చదివారు, ఉన్నది నాలుగు పంక్తులే.
"బాగానే ఉంది. కత్తి పాడదని ఆధారం? పుట సంఖ్య?"

పాదసూచిక పన్నెండు:
పెంచలమ్మ, గడపలో, సైదాపురం.
సంవత్సరం దగ్గర ఆగిపోయా.
ఫోన్ చేసి అడిగా, షెడ్డు ఏ ఏడు మూసేశారత్తా అని.
"చిన్నోడు కడుపులో ఉండంగా" అంది.
అట్టనే పెట్టా.

ఇంకా ముప్పై ఎనిమిదిన్నర పేజీలు.
మెస్సులో గంట కొట్టారు.