లేని తీగ

నా తెర నాకు కనపడదు, మాట్లాడుతుంది.
బాణం మీట నొక్కితే ఒక గొంతు
కామాల దగ్గర కూడా ఆగకుండా
ఉన్నదున్నట్టు చదివేస్తుంది.
పదకొండేళ్ళ సావాసం. దాని వేగం
నాకు తప్ప మా ఇంట్లో ఎవరికీ అందదు.

మొన్న ఆ గొంతు క్లాసులో పడింది.
భిన్నాలు చెబుతున్నాను. హారం కింద ఉంటుంది అనేలోపు
"వీరమణి నుంచి మెసేజీ, చీటీ డబ్బులు ఇంకెప్పుడిస్తావే"
అని పద్నాలుగు ఇళ్ళల్లో చదివి పారేసింది.
పిల్లలు నవ్వారు. ఆ నవ్వు
నా స్పీకర్లోంచి మైకులోకి, మైకులోంచి మళ్ళీ వాళ్ళకి,
లాకు తలుపుల మధ్య చిక్కిన గుర్రపుడెక్కలా
అక్కడక్కడే సుడి తిరిగింది.

రాత్రి ఒక మిక్సరు దింపుకున్నాను, ఉచితంగా దొరికేది.
పెట్టె లేదు, పిన్నులు లేవు, తీగ లేదు.
ఉన్నవల్లా పేర్లే: ఎ ఒకటి, ఎ రెండు, బి ఒకటి.
ఎవరికీ కనపడని తీగలట!
నాకిందులో కొత్తేముంది?

మా నాన్న లొల్ల లాకుల్లో లస్కరు.
నా చెయ్యి పట్టుకెళ్ళి షట్టరు మర మీద పెట్టేవాడు.
"ఇది అమలాపురం కాలవ. ఇది ముక్తేశ్వరం. తిప్పు."
అరచేతికి గ్రీజు. కాళ్ళ కింద సిమెంటు దిమ్మకి వణుకు.
నీళ్ళు ఎటు మళ్ళాయో
ఆ వణుకే చెప్పేది.

చదివే గొంతు ఎ ఒకటికి, అంటే నా కుడి చెవికి.
మైకు బి ఒకటికి, అంటే వాళ్ళకి.
పిల్లల మాటలు ఎ రెండుకి, ఎడమ చెవిలోకి,
బి వైపు తలుపు బిడాయించి.
అంతా కుదిరిందనుకుంటుండగా ఇంకో మీట తగిలింది.
గది చచ్చిపోయింది.
ఏ మీట నొక్కానో చెప్పాల్సిన గొంతునే మూసేసుకున్నాను.

తెల్లారి పాలు పోసే మంగాయమ్మ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.
"ఎర్రగా వెలిగేదేమన్నా ఉందా చూడండి."
"ఆయ్, మూడున్నాయండి."
"మధ్యది నొక్కండి."
గొంతు ఒక్కసారిగా లేచి
రాత్రి మింగిందంతా కక్కేసింది.
పాలగిన్నె పడేసినంత పని చేసిందావిడ.

ఇవాళ క్లాసు. వీరమణి మళ్ళీ అడిగింది,
కుడి చెవిలో, నన్నొక్కదాన్నే.
సఖినేటిపల్లి లంక నుంచి ఏసుబాబు,
సిగ్నలు చివర, శివారు చేనులాంటి పిల్లాడు,
"టీచర్‌గారండీ, ఏటండీ ఇవాళ
ఇంత దగ్గరగా ఇనపడతన్నారు?" అన్నాడు.

"హారం కింద ఉంటుంది," అన్నాను.
"రాసుకో."