ఐదో నమూనా

బ్లాంటైర్‌లో అక్టోబరు.
రాలిన జకరాండా పూలు కాళ్ళకింద నలిగి
ల్యాబ్ మెట్లన్నీ ఊదారంగు బురద.
కరెంటు ఆరుగంటలుంటే ఆ రోజు పండగ.

ఎనీఫా ముందు ఐదు గొట్టాలు.
నాలుగు, పసికందుల నెత్తుట్లోంచి పెంచినవి.
వాటి చీటీల మీద పేర్లు లేవు:
లోనెసి బిడ్డ. ఫైనెస్ బిడ్డ.
రోజ్‌బీ బిడ్డ ఒకటి, రోజ్‌బీ బిడ్డ రెండు.
పేరు పెట్టేదాకా ఆగలేదు జ్వరం.

ఐదోది, ఎందుకైనా మంచిదని
సింకు కింది వంపు గొట్టంలో దూది పుల్ల తిప్పి తెచ్చింది.

వార్డులో గుసగుస అప్పటికే తీర్పైపోయింది:
నలుగురూ జియోనె రాత్రి డ్యూటీలోనే కదా అని.
జియోనె బదులు చెప్పలేదు.
చేతులు కడుక్కుంది.
మోచేతులదాకా, గోళ్ళ సందులదాకా,
చర్మం నెర్రెలిచ్చేదాకా.

అరచేతిలో పట్టే యంత్రాన్ని ల్యాప్‌టాప్‌కి,
ల్యాప్‌టాప్‌ని కారు బ్యాటరీకి తగిలించి
ఎనీఫా రాత్రంతా కూర్చుంది.
సూదిబెజ్జంలోంచి దారం జారినట్టు
పోగులు జారుతుంటే
గుక్క తిప్పుకోకుండా చదువుతోందది.
నాలుగే అక్షరాలు.
గుణింతం లేదు, ఒత్తు లేదు,
ఊపిరి పీల్చుకోను ఒక చుక్కైనా లేదు,
యాభై లక్షలు దాటినా.

అందులో విడిగా ఒక చిన్న ఉంగరం.
ఈ మందుకి లొంగను, ఆ మందుకి లొంగను,
బీరువాలో తాళమేసి దాచుకున్న ఆఖరి మందుకీ లొంగనని
వరసగా రాసుకుని ఉంది.
పుట్టుకతో వచ్చింది కాదు.
దారిలో ఎవరో ఇచ్చిన చేబదులు.
తిరిగి అడగరు. ఇంకొకరికి ఇవ్వడమే తీర్చడం.

మూడుంబావుకి తెర మీద కొమ్మలు విచ్చుకున్నాయి.
నలుగురు బిడ్డలవీ ఒకే రెమ్మకి,
రెండక్షరాల తేడా, మూడక్షరాల తేడా.
వాటి మొదట్లో, ఐదోది.

ఎనీఫా చీటీ మళ్ళీ చూసుకుంది.
కుళాయి తిప్పినప్పుడల్లా
కిందనుంచి తుంపరై లేచి
కడిగిన చేతుల మీదే కూర్చుందన్నమాట.
అందరికంటే ఎక్కువసార్లు కడిగిందెవరు?

దీన్ని రాసే గడి రిపోర్టులో లేదు.
తనే వెళ్ళి చెప్పింది.
"అయితే నా చేతులే," అంది జియోనె.
"కాదు, ఆ సింకు."
"సింకు బిడ్డనెత్తుకోదు కదా."
ఎనీఫా దగ్గర దానికి లెక్క లేదు.

మధ్యాహ్నం ప్లంబరు సింకు పీకేశాడు.
గోడకి రెండు కన్నాలు, ఒక తుప్పు చార.
అలవాటుగా అటు నడిచి
రెండుసార్లు వెనక్కి తిరిగింది జియోనె.

ఆ సూక్ష్మజీవికి పేరొచ్చింది:
రకం, నంబరు, ఊరు, సంవత్సరం.
ఏ దేశంలోవాళ్ళైనా ఇక పేరుపెట్టి పిలవొచ్చు.

శుక్రవారం లోనెసి వచ్చింది,
ఖాళీ వీపుకి చిటెంజె గుడ్డ కట్టుకునే.
కాగితంలో పేరు దగ్గర గీత ఉందట.
"ఇప్పుడు రాయనిస్తారా?"

జియోనె స్పిరిట్ వాసనేసే చేత్తో
పెన్ను తీసింది.
"మెల్లగా," అంది,
"ఒక్కో అక్షరం చెప్పు."