మిరప దగ్గు

మా ఇంట్లో దగ్గుకి జబ్బుతో పనిలేదు.
అమ్మ గోతం మూతి విప్పితే చాలు,
నేనూ, తమ్ముడూ, పక్కవాటా హుసేన్‌బీ పిన్నీ
వరసపెట్టి దగ్గుతాం, తుమ్ముతాం, కొంగుతో కళ్లొత్తుకుంటాం.
సంగడిగుంటలో ఇదొక సంగతే కాదు,
ఆ మార్చి దాకా.

యార్డు మూసేశారు.
షావుకారు మాత్రం చీకటిపడ్డాక ఆటోలో
రెండు గోతాలు దింపిపోతాడు, కిలోకింతని తొడిమలు తీయమని.
ఉన్నది ఒకటే గది.
ఈ మూల అమ్మ గోతం, ఆ మూల నా ఎమ్మెస్సీ రెండో సెమిస్టరు,
నడుమ చార్జరు వైరే పొలిమేర.

అందరూ మర్చిపోయుంటారని
భ్రమరాంబ మేడం సంభావ్యత మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నారు.
ఒక సంచీలో ఐదు ఎర్రబంతులు, మూడు తెల్లబంతులు.
నా పక్కనున్న సంచీలో అన్నీ ఎర్రవే.
ఎర్రది వచ్చే అవకాశమెంతో చెప్పమని నా పేరు పిలిచారు.
మ్యూట్ తీశాను.
జవాబుకంటే ముందు దగ్గొచ్చింది.

తెరమీద గడులన్నీ ఊపిరి బిగబట్టాయి.
అద్దంలోంచి అంటుకుంటుందేమోనని
ఎవరో వీడియో కూడా ఆపేశారు.
"టెస్టు చేయించుకున్నావా అమ్మా?"
"మిరపకాయలండీ."
ఒక్కరూ నవ్వలేదు.
ఎనిమిదింట ఐదు, అన్నాను చివరికి,
అప్పటికే సిగ్నల్ పోయి
ఆ జవాబు అమ్మొక్కతే వింది.

ఆరోజు నుంచి దిండులో మొహం పెట్టి దగ్గడం అలవాటు చేసుకున్నా.
కెమెరా తప్పదన్న రోజున
గోతాలు కనపడకుండా వెనక అమ్మ చీర కట్టేదాన్ని.
గ్రూపులో ఎవరైనా ఎలా ఉన్నావంటే
'బాగున్నా' అని కొట్టడానికి
ఒక్కోసారి పావుగంట పట్టేది.

సాయంత్రం టీవీలో జిల్లాలవారీగా అంకెలు.
"నువ్వు చదివేది ఇదేగా అక్కా, ఎప్పుడు తగ్గుద్దో చెప్పు"
అని తమ్ముడి గొడవ.
వాడి లెక్కల పుస్తకంలో చుక్కలు పెట్టి కలుపుకుంటూ పోయాను.
గీత పైఅంచు దాకా ఎగబాకి
ఇక కాగితం చాలలేదు.
ఆ కాగితం వెనక్కి తిప్పి పాల లెక్క రాసుకుంది అమ్మ.

ఏస్తేరుది బాపట్ల.
వాళ్ల నాన్న ఆర్టీసీ కండక్టరు.
బుధవారం బులెటిన్‌లో
గుంటూరు ఎదురుగా, మృతుల గడిలో, ఒకటి.
నిన్న మూడు కదా, తగ్గిందన్నాడు తమ్ముడు.
నేను ఆ ఒకటినే చూస్తున్నాను.
నడిచే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డ మనిషిలా
నిటారుగా ఉంది అది.

ఏం అనాలో తెలియక నేను ఫోన్ చేయలేదు.
నాలుగోరోజు రాత్రి పదకొండింటికి తనే చేసింది.
"ఏం మాట్లాడొద్దే. నీ చదువు నువ్వు చదువుకో. వింటా."

స్పీకరు నొక్కి ఫోన్ గోతం మీద పెట్టాను.
పేజీ తిప్పాను. ఫ్యాను కిర్రుమంది.
"ఆ టిక్కు టిక్కు ఏంటి?"
"అమ్మ. తొడిమలు తీస్తంది."
"తీయనీ."

పరీక్షలు జరుగుతాయన్నారు, జరగవన్నారు,
మళ్లీ ఏదో తేదీ చెప్పారు.
రోజూ పదకొండింటికి ఫోన్ మోగేది.
అటు సముద్రమో, వాళ్ల కూలరో, ఏదో హోరు.
ఇటు టిక్కు టిక్కు.
అంత బాగా నేనెప్పుడూ చదవలేదు,
ఏం చదివానంటే ఇప్పుడు చెప్పలేను.

ఒక రాత్రి దిండు అందేలోపు దగ్గేశాను.
అటు హోరు తప్ప ఏమీ లేదు.
చాలాసేపటికి, చిన్నపిల్లలా,
"మిరపకాయలేగా?" అంది.
"మిరపకాయలే."
"ఒట్టు?"

అమ్మ గోతం వదిలి లేచొచ్చి
ఆ చేతులతోనే ఫోన్ తీసుకుని
"నీ మీదొట్టు తల్లీ, కాయల ఘాటే" అంది.
ఇంకా ఏదో అంది, నెమ్మదిగా.

తిరిగి నేను చెవికి ఆనించుకోగానే
చెంప భగ్గుమంది.
కళ్లలో నీళ్లు తిరిగాయి.
చెవి మార్చలేదు.